ఒకరి తప్పుకి ఇంటిల్లిపాదీ: ఉత్తర కొరియా రాజకీయ ఖైదు శిబిరాలు, బయటపడ్డాక బతుకు

1986 నవంబరులో డెన్మార్క్ రాజధాని కోపెన్‌హేగన్ విమానాశ్రయంలో ఓ గిల్ నామ్ అనే ఆర్థిక శాస్త్రవేత్త తనని కాపాడమని అధికారులని వేడుకున్నాడు. పుట్టింది దక్షిణ కొరియాలో, చదివింది జర్మనీలో. అక్కడ ఉండగా ఉత్తర కొరియా మనుషులు దగ్గరై మంచి ఉద్యోగం ఇస్తామన్నారు, కామెర్లతో బాధపడుతున్న భార్యకి ఉచితంగా వైద్యం చేయిస్తామన్నారు. నమ్మి 1985 డిసెంబరులో భార్య షిన్ సుక్ జాని, ఇద్దరు ఆడపిల్లల్ని వెంటబెట్టుకుని ప్యాంగ్‌యాంగ్ వెళ్ళాడు. వైద్యమూ లేదు, చెప్పిన ఉద్యోగమూ లేదు. రేడియోలో దక్షిణాది మీద ప్రచారం చేసే పని ఇచ్చారు. ఏడాది తిరగకుండానే, తనలాంటి మరికొందరు విద్యార్థుల్ని వలేసి తెమ్మని యూరప్ పంపారు. "ఇంకొకరి పిల్లల్ని ఈ నరకంలోకి తేవద్దు, నువ్వు మాత్రం తప్పించుకో" అని భార్యే చెప్పి పంపిందని ఆయన తర్వాత చెప్పాడు. ఆయన తప్పించుకున్నాడు. మరుసటి ఏడాది ఆమెనీ పిల్లలిద్దరినీ యోడాక్ శిబిరానికి తరలించారు. 2012లో ఐక్యరాజ్యసమితి గట్టిగా అడిగితే, ఆమె కాలేయ జబ్బుతో చనిపోయిందని, కూతుళ్ళు తండ్రితో మాట్లాడటానికి ఇష్టపడటం లేదని ఉత్తర కొరియా ఒక ఉత్తరం రాసి ఊరుకుంది.

ఈ శిబిరాల గురించి చదివినప్పుడల్లా మన మనసు ముందు విద్యుత్ కంచె దగ్గరికి, తుపాకుల దగ్గరికి, చీకట్లో పరుగు దగ్గరికి పోతుంది. సినిమా చూసిన అలవాటు. కానీ ఈ వ్యవస్థని నిలబెట్టింది కంచె కంటే ఎక్కువగా కుటుంబం. ఎవరు లోపలికి వెళతారు, ఎందుకు పారిపోరు, విడుదలైనవాళ్ళు ఎందుకు నోరు విప్పరు, సియోల్ చేరాక కూడా ఎందుకు నిద్రపట్టదు అన్న ప్రశ్నలన్నిటికీ జవాబు వెతుక్కుంటూ పోతే చివరికి ఇంటివాళ్ళ దగ్గరే తేలుతుంది.

ఏ జైలు ఏది

ముందు ఒక చిక్కు విప్పాలి. వార్తల్లో అన్నిటినీ కలిపి "ఉత్తర కొరియా లేబర్ క్యాంపులు" అనేస్తారు. నిజానికి అవి వేర్వేరు. చైనాకి దొంగతనంగా వెళ్ళి పట్టుబడినవాళ్ళు, చిల్లర వ్యాపారం చేసి దొరికినవాళ్ళు ఎక్కువగా కొన్ని నెలల కూలిశిక్ష కేంద్రాలకి వెళతారు. కోర్టు అనే తంతు ఒకటి జరిగి, ఇన్నేళ్ళు అని శిక్ష పడ్డవాళ్ళు క్యోహ్వాసో అనే జైళ్ళకి పోతారు. అక్కడా ఆకలే, అక్కడా చావులే. అయినా గడువంటూ ఒకటి ఉంటుంది, ఇంటివాళ్ళకి మనిషి ఎక్కడున్నాడో తెలుస్తుంది.

రాజకీయ ఖైదీల శిబిరం పేరు క్వాన్‌లిసో. దీనికి విచారణ లేదు, తీర్పు లేదు, గడువు లేదు. రాత్రిపూట రహస్య పోలీసులు వస్తారు, సామాను సర్దుకోమంటారు, లారీ ఎక్కిస్తారు. చుట్టాలకి కబురు ఉండదు. ప్రభుత్వం దృష్టిలో ఈ శిబిరాలే లేవు. 2014లో ఆస్ట్రేలియా మాజీ న్యాయమూర్తి మైఖేల్ కిర్బీ అధ్యక్షతన ఐక్యరాజ్యసమితి విచారణ సంఘం ఇచ్చిన నివేదిక ప్రకారం అప్పటికి నాలుగు పెద్ద శిబిరాల్లో 80,000 నుంచి 1,20,000 మంది దాకా ఉన్నారు. అంతకు ముందు అయిదు దశాబ్దాల్లో లక్షల మంది లోపలే చనిపోయారని కూడా ఆ సంఘం తేల్చింది. "శిబిరం" అనగానే నాలుగు బ్యారక్‌లూ ఒక గేటూ ఊహించుకుంటాం గానీ, హ్వాసాంగ్‌లోని 16వ నంబరు శిబిరం అయిదువందల చదరపు కిలోమీటర్లకి పైనే ఉంటుంది. మొన్నటిదాకా ఉన్న జీహెచ్ఎంసీ విస్తీర్ణం 650. కొండలు, గనులు, పొలాలు, పల్లెలు అన్నీ కలిపిన ఒక తాలూకా అది.

లోపలికి ఎవరు వెళతారన్నది అసలు విషయం. "తిలాపాపం తలా పిడికెడు" అని మనం వేళాకోళంగా అంటాం. అక్కడ అది పరిపాలన పద్ధతి. వర్గశత్రువుల బీజాన్ని మూడు తరాలదాకా తుడిచిపెట్టాలని ఉత్తర కొరియా తొలి నాయకుడు కిమ్ ఇల్ సంగ్ 1970ల మొదట్లో అన్నట్టు చెబుతారు. ఆచరణలో జరిగింది మాత్రం అదే. తాత తప్పుకి మనవడు, అన్న తప్పుకి చెల్లెలు. దీనికి పునాదిగా ప్రతి పౌరుడికీ సొంగ్‌బున్ అనే వంశ చిట్టా ఉంటుంది. జపాన్ పాలనలో తాత భూస్వామా, కూలీనా, యుద్ధంలో ఎటు నిలబడ్డాడు అన్నదాన్ని బట్టి నమ్మకస్తులు, ఊగిసలాడేవాళ్ళు, శత్రువులు అని మనుషుల్ని విడగొడతారు. పుట్టుకతో మనిషి స్థాయి తేల్చే పద్ధతి మనకి తెలియనిదేం కాదు. కాకపోతే అక్కడ దాన్ని ప్రభుత్వమే రాసి, భద్రపరిచి, అమలు చేస్తుంది.

కిమ్ హే సుక్ 13 ఏళ్ళప్పుడు 1975లో 18వ నంబరు శిబిరానికి వెళ్ళింది. బొగ్గుగనిలో పనిచేస్తూ 28 ఏళ్ళు అక్కడే గడిపింది. ఎందుకు తెచ్చారో ఆమెకి తెలియదు, అడిగే వీలూ లేదు. బయటికొచ్చాకే తెలిసింది, కొరియా యుద్ధంలో తాత దక్షిణానికి పారిపోయాడని. పలు శిబిరాల్లో కాపలాదారుగా, డ్రైవరుగా పనిచేసిన ఆన్ మ్యోంగ్ చోల్ కూడా ఇదే చెబుతాడు: ఖైదీలతో మాట కలిపి "ఎందుకొచ్చారు?" అని అడిగితే చాలామందికి కారణమే తెలియదట. శత్రువులని నూరిపోసిన మనుషుల దగ్గర ఆ జవాబు వినడంతోనే ఆయనలో మొదటి అనుమానం పుట్టింది.

చేపల తొట్టితో లారీ ఎక్కిన పిల్లాడు

కాంగ్ చోల్ హ్వాన్ ఉదంతంలో ఈ యంత్రం ఎలా పనిచేస్తుందో బాగా కనిపిస్తుంది. ఆయన తాత జపాన్‌లో జూదశాలలు నడిపి బాగా సంపాదించిన కొరియన్. నాయనమ్మ కరుడుగట్టిన కమ్యూనిస్టు. 1959 నుంచి 1984 దాకా దాదాపు 93,000 మంది జపాన్ నుంచి ఉత్తర కొరియాకి "మాతృభూమి" అంటూ వెళ్ళారు. వాళ్ళలో ఈ కుటుంబమూ ఉంది. డబ్బూ కార్లూ దేశానికి సమర్పించుకున్నారు. 1977లో ఒకరోజు తాత ఇంటికి రాలేదు. దేశద్రోహం అన్నారు, అంతే. కొన్ని వారాలకి మిగతావాళ్ళని యోడాక్ తీసుకుపోయారు. తొమ్మిదేళ్ళ చోల్ హ్వాన్ తన చేపల తొట్టి లేకుండా కదలనని ఏడిస్తే దాన్నీ లారీ ఎక్కనిచ్చారు. చేపలు ఎన్నాళ్ళో బతకలేదు.

ఆ లారీలో తల్లి లేదు. ఆమె పుట్టింటివాళ్ళకి చిట్టాలో మంచి పేరుంది కాబట్టి ఆమెని వదిలేసి, భర్తతో విడాకులు ఇప్పించారు. తాత నేరం కొడుక్కీ మనవలకీ అంటుకుంది గానీ కోడలికి అంటలేదు. మగవారి రక్తం వెంట నడిచే నేరం! విప్లవ రాజ్యం కొట్టేశానని చెప్పుకున్న పాత వంశధర్మం అంతా ఈ ఒక్క నిర్ణయంలో బయటపడింది.

లోపల ఆకలే పెద్ద కాపలాదారు. మొక్కజొన్న, ఉప్పు, కాస్త ఆకు. మొక్కజొన్న మీదే ఏళ్ళతరబడి బతికితే పెలాగ్రా వస్తుంది. చర్మం మాడి పెచ్చులూడుతుంది, విరేచనాలు, ఆ తర్వాత మతి చలిస్తుంది. మొక్కజొన్నలో ఉండే నయాసిన్ అనే విటమిన్ ఒంటికి పట్టకపోవడం, మాంసకృత్తులు అందకపోవడం దీనికి కారణాలు. ఈ రోగం మనకి కొత్తది కాదు. జొన్నే కూడుగా బతికిన దక్కన్ పేదల్లో కనిపించేది, హైదరాబాద్ పోషకాహార సంస్థలో గోపాలన్ బృందం 1960లలో దీనిమీద పేరున్న పరిశోధన చేసింది. పప్పో పాలో మాంసమో కొంచెం తోడైతే రోగం దగ్గరికి రాదు. యోడాక్‌లో ఆ "కొంచెం" ఎలుక. పిల్లలు ఉచ్చులు పన్ని ఎలుకల్ని, కప్పల్ని, పాముల్ని పట్టేవారు. బతికి బయటపడ్డవాళ్ళలో చాలామంది ఎలుక మాంసం గురించి చెప్పడంలో వింతేమీ లేదు. మానసిక స్థైర్యం, ఆశ లాంటి మాటలు వినడానికి బాగుంటాయి. ప్రాణం నిలిపింది ముందుగా మాంసకృత్తులు.

ఎందుకు పారిపోరు

యోడాక్‌లో రెండు భాగాలుండేవి. ఒకటి "విప్లవీకరణ" ప్రాంతం, అంటే మారినట్టు కనిపిస్తే ఎప్పటికైనా వదిలే అవకాశం ఉన్నది. రెండోది పూర్తి నియంత్రణ ప్రాంతం. అక్కడికి వెళ్ళినవాళ్ళు రావడమంటూ లేదు. మిగతా శిబిరాలు దాదాపు అన్నీ రెండో రకమే. కాబట్టి ఈరోజు మనకి దొరుకుతున్న సాక్ష్యాల్లో ఎక్కువ భాగం యోడాక్ మొదటి భాగం నుంచి, కాస్త సడలింపు ఉన్న 18వ నంబరు శిబిరం నుంచి వచ్చినవే. ఇంకా కఠినమైన చోట్ల ఏం జరుగుతుందో చెప్పడానికి మాజీ కాపలాదారులే దిక్కు. "శిబిరం నుంచి తప్పించుకున్నవాడు" అని మనం అనేవాళ్ళలో దాదాపు అందరూ అక్కడ విడుదలై, ఆ తర్వాత దేశం నుంచి తప్పించుకున్నవాళ్ళు. కంచె దాటి పారిపోయి లోకానికి కనిపించినవాళ్ళని వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు.

కారణం మళ్ళీ ఇంటివాళ్ళే. నువ్వు పారిపోతే మీ అమ్మని, తమ్ముణ్ణి కాలుస్తారు. నీ ప్రయత్నం తెలిసీ చెప్పనివాణ్ణీ కాలుస్తారు. ఆ మరణశిక్షలు చూడటానికి అందరినీ నిలబెడతారు. కాపలా కాసేవాడికి ఈ లెక్క వల్ల ఎంత పని తప్పుతుందో ఆలోచించండి. ఆ కాపలాదారు మీదా అదే కత్తి వేలాడుతుంది. ఆన్ మ్యోంగ్ చోల్ తండ్రి తాగిన మైకంలో తిండిగింజల కొరతకి పైవాళ్ళే కారణమన్నాడు. తర్వాత భయంతో ఆత్మహత్య చేసుకున్నాడు. తల్లినీ తోబుట్టువులనీ పట్టుకుపోయారు. రేపు తన వంతేనని అర్థమై 1994లో ఆన్ లారీ నడుపుకుంటూ చైనా సరిహద్దులోని తూమెన్ నది దాకా వెళ్ళి ఈది దాటాడు. ఏళ్ళపాటు తాను కాపలా కాసిన శిబిరంలోకే ఖైదీగా పోవాల్సిన మనిషి.

కంచె దాటినవాడిగా లోకమంతా పేరు మోగింది షిన్ డాంగ్ హ్యుక్‌ది. 2005 జనవరిలో ముందు వెళ్ళిన తోటి ఖైదీ విద్యుత్ తీగలకి తగిలి చనిపోతే, అతని శరీరం మీదుగా పాక్కుంటూ బయటపడ్డానని చెప్పాడు. కాళ్ళమీద కాలిన మచ్చలున్నాయి. 14వ నంబరు శిబిరంలోనే పుట్టానని, తల్లీ అన్నా పారిపోవాలనుకుంటున్నారని తానే కాపలావాళ్ళకి చెప్పేశానని, వాళ్ళని తన కళ్ళముందే చంపారని చెప్పాడు. ఆ కథ పుస్తకమై, అనేక భాషల్లోకి వెళ్ళింది. 2014లో ఉత్తర కొరియా అతని తండ్రిని వీడియోలో చూపించి ఇదంతా అబద్ధమంది. 2015 జనవరిలో షిన్ స్వయంగా ముందుకొచ్చి కొన్ని సంగతులు మార్చి చెప్పానని ఒప్పుకున్నాడు. కొంతకాలం 14వ శిబిరంలో కాక పక్కనే ఉన్న 18లో ఉన్నానని, తల్లి విషయం అక్కడే జరిగిందని, ముందొకసారి చైనా దాకా పారిపోయి పట్టుబడ్డానని, చిత్రహింస 13 ఏళ్ళప్పుడు కాదు 20 ఏళ్ళప్పుడని.

దీన్నిబట్టి ఏం నమ్మాలి? నా ఉద్దేశంలో రెండు అతిశయాలకీ దూరంగా ఉండాలి. ఒక మనిషి కథలో తేదీలు తప్పితే శిబిరాలే కట్టుకథ అనడం ఒకటి. బాధితుణ్ణి ప్రశ్నించడమే పాపం అనడం ఇంకొకటి. కిర్బీ సంఘం సియోల్, టోక్యో, లండన్, వాషింగ్టన్లలో 80 మందికి పైగా సాక్షుల్ని బహిరంగంగా విన్నది, మరో 240 మందికి పైగా సాక్షులతో విడిగా మాట్లాడింది, వాళ్ళు గీసిన బొమ్మల్ని ఉపగ్రహ చిత్రాలతో పోల్చుకుంది. అందులో షిన్ ఒకడు. అతన్ని తీసేసినా నివేదిక నిలబడుతుంది. ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి. తల్లిని పట్టించిన కొడుకు నిజాన్ని సరిగ్గా ఏ మెలిక దగ్గర వంచుతాడో ఊహించడం కష్టం కాదు. అటువైపు, బయటి ప్రపంచం కూడా మామూలు బాధకి తలుపు తీయదు. భయంకరమైన కథకే వేదిక, విమానం టిక్కెట్టు, పుస్తకం ఒప్పందం. పదేళ్ళు మొక్కజొన్న పొలంలో పనిచేసి వచ్చాను, మా తమ్ముడు విరేచనాలతో పోయాడు అంటే వినేవాళ్ళు తక్కువ.

దేశం దాటడం

విడుదలయ్యేటప్పుడు లోపల చూసింది ఎవరికీ చెప్పనని వేలిముద్ర వేయిస్తారు. బయట కూడా చిట్టా వెంటాడుతుంది, గనుల్లోనో మారుమూల పల్లెల్లోనో పని. కాంగ్ 1987లో విడుదలై, దొంగచాటుగా దక్షిణాది రేడియో వింటున్నాడని ఎవరో చెప్పడంతో మళ్ళీ పట్టుబడతానన్న భయంతో 1992లో యాలూ నది దాటాడు.

నది అవతల చైనా. ఇక్కడ కథ న్యాయం వైపు తిరుగుతుంది. చైనా 1951 శరణార్థుల ఒప్పందంలో 1982లో చేరింది. అయినా వీళ్ళని పని కోసం వచ్చిన అక్రమ వలసదారులంటుంది, ఉత్తర కొరియాతో ఉన్న సరిహద్దు ఒప్పందం చూపించి తిప్పి పంపుతుంది. 2023 అక్టోబరులో ఆసియా క్రీడలు ముగిసీ ముగియకముందే వందలమందిని వెనక్కి పంపిందని మానవ హక్కుల సంస్థలు గోలపెట్టాయి. చైనాలో భయంతో దాక్కున్న ఆడవాళ్ళని దళారులు పల్లెల్లో పెళ్ళికాని రైతులకి అమ్మేస్తారు. ఆ పెళ్ళిళ్ళకి పుట్టిన పిల్లల్ని చైనాలో వదిలి వెళ్ళాల్సి వచ్చిన తల్లులు వేలమంది. గర్భంతో పట్టుబడి తిరిగివెళితే బలవంతంగా గర్భస్రావం చేస్తారని విచారణ సంఘం ముందు ఎందరో చెప్పారు.

చైనాని తప్పుపట్టే ముందు, మన దేశం ఆ 1951 ఒప్పందంలో అసలు చేరనే లేదని గుర్తుంచుకోవాలి. అయితే ఈ విషయంలో మనకి ఒక మంచి పుట కూడా ఉంది. కొరియా యుద్ధం ముగిశాక ఇంటికి తిరిగి వెళ్ళబోమన్న యుద్ధఖైదీల సంరక్షణ జనరల్ తిమ్మయ్య నేతృత్వంలోని తటస్థ సంఘానికీ భారత సైన్యానికీ అప్పగించారు. ఉత్తరమూ వద్దు దక్షిణమూ వద్దన్న కొరియన్లు, కొందరు చైనీయులు కలిపి 88 మందిని 1954లో మన సైన్యం తనతోనే భారతదేశానికి తీసుకొచ్చింది.

చైనా ఉత్తరం నుంచి దక్షిణాన కున్‌మింగ్ దాకా దేశం పొడవునా బస్సుల్లో దాక్కుంటూ వచ్చి, లావోస్ అడవులు దాటి, మెకాంగ్ నది మీదుగా థాయిలాండ్ చేరడం ఎక్కువమంది పట్టే దారి. థాయిలాండ్ పోలీసులకి కావాలనే దొరుకుతారు. అక్రమ ప్రవేశానికి జరిమానా, కొన్నాళ్ళ నిర్బంధం, ఆ తర్వాత సియోల్ విమానం. దక్షిణ కొరియా రాజ్యాంగం మూడో అధికరణ ప్రకారం మొత్తం కొరియా ద్వీపకల్పమే ఆ దేశం, కాబట్టి ఉత్తరాదివాళ్ళు శరణార్థులు కారు, పౌరులు.

పౌరుడయ్యాక

పౌరుడే అయినా ముందు గూఢచారి కాదని తేలాలి. గూఢచార సంస్థ కేంద్రంలో కొన్ని వారాల నుంచి నెలల దాకా ఒంటరిగా విచారణ ఉంటుంది. ఉత్తరాది రహస్య పోలీసు శాఖ బోవిబు గదుల్లో కూర్చున్నవాళ్ళకి ఇంకో విచారణ గది ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. తర్వాత 1999లో మొదలైన హనవాన్ కేంద్రంలో మూడు నెలల శిక్షణ. బ్యాంకు ఖాతా, మెట్రో కార్డు, ఉద్యోగ దరఖాస్తు, దక్షిణాది మాటతీరు. అద్దెకి చిన్న ప్రభుత్వ ఫ్లాటు, చేతిలో కొంత సొమ్ము. 2024లో ఒంటరి మనిషికి కోటి వాన్లు. కోటి అంటే మనకి ఎంతో అనిపిస్తుంది. అప్పటి రూపాయల్లో ఆరు లక్షలు, సియోల్ ధరల్లో కొన్ని నెలలు. అందులోంచి దారి చూపిన దళారి బాకీ తీర్చాలి.

ఇక ఊరికి డబ్బు. ఇది బయటివాళ్ళకి అంతగా తెలియదు. అక్కడ మిగిలినవాళ్ళు చైనా సిమ్ ఉన్న దొంగ ఫోన్‌లో సరిహద్దు కొండ దగ్గర్నుంచి రెండు నిమిషాలు మాట్లాడతారు. సియోల్‌లో రెస్టారెంటులో గిన్నెలు కడిగిన జీతం చైనా దళారి ద్వారా చేరుతుంది, దాదాపు మూడో వంతు మధ్యవర్తులకి పోతుంది. డబ్బు అందిందని తెలిస్తే అక్కడివాళ్ళు జైలుకి పోవచ్చు, అందకపోతే పస్తులుండొచ్చు. గల్ఫ్‌కి వెళ్ళిన మనవాళ్ళు కూడా ఇంటికి పంపుతారు. పంపినందుకు ఇంటివాళ్ళకి శిక్ష పడుతుందన్న భయం మాత్రం వాళ్ళకి లేదు. 2020లో కోవిడ్ పేరుతో ఉత్తర కొరియా సరిహద్దు మూసి కంచెలు పెంచాక ఈ దారి కూడా బాగా సన్నబడింది.

ఇన్ని చేసినా కొందరు నిలదొక్కుకోలేరు. 2019 వేసవిలో సియోల్‌లో ఒక తల్లీ ఆరేళ్ళ కొడుకూ ఫ్లాటులో చనిపోయి రెండు నెలలకి గానీ ఎవరూ గమనించలేదు. ఇంట్లో తిండి లేదు. కరువు దేశం నుంచి తప్పించుకొచ్చిన మనిషి ఆసియాలోకెల్లా సంపన్నమైన నగరాల్లో ఒకదానిలో ఆకలితో పోయిందన్న అనుమానం ఆ దేశాన్ని కుదిపింది. 2020 నవంబరులో సరిహద్దు కంచెలు దూకి దక్షిణానికి వచ్చిన ఒకతను, పారిశుధ్య పనిచేసుకుంటూ ఏడాది గడిపి, 2022 జనవరి 1న మళ్ళీ అవే కంచెలు దూకి ఉత్తరానికి వెళ్ళిపోయాడు. వాళ్ళకి కావాల్సింది ఇంకాస్త సొమ్మని ప్రభుత్వం అనుకుంటుంది. నాకు మాత్రం మనుషుల కొరతే పెద్దదిగా కనిపిస్తుంది. ఇంటివాళ్ళని వదిలి రావడమే ఈ దారికి షరతు. ఓ గిల్ నామ్ లాగా, కాంగ్ లాగా.

అందుకే నిలదొక్కుకున్నవాళ్ళలో చాలామంది వెనక్కి తిరిగిచూసే పనే ఎంచుకోవడం యాదృచ్ఛికం కాదు. కాంగ్ పత్రికా విలేఖరి అయ్యాడు, ఉత్తరానికి సమాచారం చేరవేసే సంస్థ పెట్టాడు, 2005లో అమెరికా అధ్యక్షుడు బుష్ పిలిచి మాట్లాడాడు. అక్కడ మిగిలిన చెల్లెలు మళ్ళీ శిబిరానికి చేరిందన్న వార్త తర్వాత వచ్చింది. కిమ్ హే సుక్ తాను చూసిన గనుల్ని, ఇళ్ళని, మరణశిక్షలు అమలుచేసే మైదానాన్ని బొమ్మలుగా గీసి పెట్టింది. ఆన్ ఒక మానవ హక్కుల సంస్థ నడుపుతూ, మాజీ కాపలాదారుగా ఖైదీల పక్కనే నిలబడి సాక్ష్యం చెబుతున్నాడు.

ఇప్పటిదాకా దక్షిణం చేరిన ఉత్తర కొరియన్లు సుమారు 34,000 మంది, వాళ్ళలో నూటికి డెబ్భైమందికి పైగా ఆడవాళ్ళు. 2009 ఒక్క ఏడాదే 2,900 మందికి పైగా వస్తే, 2021లో 63 మంది వచ్చారు, 2024లో 236 మంది. వీళ్ళలో శిబిరం లోపల ఉన్నవాళ్ళు ఎప్పుడూ కొద్దిమందే. కొత్త సాక్షులు ఆగిపోయేకొద్దీ పరిశోధకులు ఉపగ్రహ చిత్రాల మీదే ఆధారపడుతున్నారు. కొత్త గని నోరు తెరుచుకుందా, పొలాల్లో కోత జరిగిందా, ఇళ్ళ కప్పులు పెరిగాయా తగ్గాయా అని చూస్తారు. 2012 ప్రాంతంలో హ్వేర్యోంగ్ దగ్గరి 22వ శిబిరం మూతపడిందన్న వార్తనీ ఇలాగే పరిశీలించారు. అందులో ఉన్న వేలమందిని ఎక్కడికి తరలించారో ఏ చిత్రమూ చెప్పలేకపోయింది.